చేతికి తెలియని జ్వరం

ఆ లాండ్రీలో వేడిని చేత్తోనే చూస్తారు. ఇస్త్రీపెట్టె కాగిందా లేదా తెలియాలంటే చూపుడువేలు నీళ్లలో ముంచి, పెట్టె అడుగుకి అలా తాకించి ఇలా తీసేస్తారు. "చుయ్"మంటే పలచటి బట్టకి సరి. "చుర్రు"మంటే దుప్పటికి సరి. ఏ చప్పుడూ రాకపోతే ఇంకాసేపు ఆగాలి. పెట్టె మీద అంకెల మీట ఒకటి ఉంటుంది గానీ దాన్ని నమ్మి పని చేసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. మీట అబద్ధమాడుతుంది, వేలు ఆడదు అని అత్త మాట. అత్త మాటంటే ఆ లాండ్రీలో ఆవిరి లాంటిది. అన్ని గదుల్లోకీ వెళ్తుంది, తలుపు వేసినా ఆగదు.

పెద్దకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వేలి విద్య నేర్చుకోబోయి బొబ్బలు తెచ్చుకుంది. తర్వాత తర్వాత ఆమెను మించిన ఇస్త్రీ ఆ వీధిలోనే లేదనిపించుకుంది. లాడ్జి దుప్పట్లు, బడి యూనిఫారాలు, ఆసుపత్రి తెల్లకోట్లు, ఏదైనా సరే ఆమె బల్ల మీద నుంచి లేచిందంటే కొత్త కాగితంలా ఉండేది.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. ఆమె కౌంటరు వెనక స్టూలు మీద ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. వచ్చిన బట్టలు తీసుకోవడం, అంచున కుట్టిన రంగుదారం గుర్తు చూసి ఎవరి మూట వాళ్లకి ఇవ్వడం, అంతే ఆమె పని. చేతులు ఊరుకోవు. ఇచ్చిన మూటనే మళ్లీ విప్పి మడత సరిచేస్తుంది. మరిది కాలర్ మీద పెట్టె తిప్పే తీరు చూసి లోలోపలే పళ్లు నూరుకుంటుంది. కాలర్‌ని చివరల నుంచి మధ్యకి చేయాలి. అతను మధ్య నుంచి చివరలకి చేస్తున్నాడు, మడతలన్నీ మూలకి తోసేస్తున్నాడు. చెబితే వినడు, చెప్పకపోతే ఆమెకి నిద్రపట్టదు.

ఆమెను అందరూ ఉప్పమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మరిదే. జబ్బు సంగతి ఎవరికీ తెలియక ముందు, ఆమె వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా డబ్బాలోంచి ఉప్పు తీసి నోట్లో వేసుకునేది. పిల్లలు చక్కెర దొంగిలించినట్టు దొంగిలించేది. అన్నంలో ఉప్పు, నీళ్లలో ఉప్పు, అది చాలక వేళ్లకంటిన ఉప్పు. "మా అన్న బదులు నీకు ఒక ఉప్పు బస్తానిచ్చి పెళ్లి చేసినా సర్దుకుపోయేదానివి వదినా" అని మరిది ఆటపట్టించేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఒళ్లు ఉప్పును నిలుపుకోలేక అడుగుతోందని ఎవరికి తెలుసు.

ఆ తర్వాత అరచేతుల గీతలు నల్లబడ్డాయి. పిడికిలి బిగిస్తే వేళ్ల కణుపులు మసి పూసినట్టు కనిపించేవి. తన చేతిలో పోని మరక లేదని అత్తకి పెద్ద పేరు. తుప్పు, సిరా, యంత్రాల నూనె, అన్నిటికీ ఆవిడ దగ్గర ఒక్కో మంత్రం ఉంది. కోడల్ని పీట మీద కూర్చోబెట్టి నిమ్మచెక్కతో రుద్దింది, సోడాపొడితో రుద్దింది, మెత్తటి బ్రష్షుతో రుద్దింది. మరక పోలేదు, చర్మం లేచిపోయింది. "ఏ రంగులో చెయ్యి పెట్టావే అమ్మాయ్" అని అత్త విసుక్కుంది. తిన్నది ఒంటబట్టక, నిలబడితే కళ్లు తిరిగి, మెట్లెక్కితే ఆయాసపడి కోడలు చిక్కిపోతూ వచ్చింది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం పెట్టె చేతిలో ఉండగానే బల్ల మీదికి ఒరిగిపోయింది. పెట్టె ఆకారంలో కాలిన గుర్తు పడ్డ ఆ లాడ్జివాళ్ల దుప్పటి ఇప్పటికీ అత్త దగ్గరే ఉంది. పారేయడానికి ఆవిడకి మనసు రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. మూత్రపిండాల పైన టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. ఒంటికి కష్టం వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టే రసం అవే తయారు చేస్తాయి. ఉప్పమ్మకి ఆ రెండూ ఎండిపోయాయి. అందుకే ఉప్పు నిలవదు, బలం నిలవదు, చేతుల మీద ఆ నలుపు. బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరం వస్తే మామూలుగా వేసుకునేదానికి రెట్టింపు వేసుకోవాలి. వాంతులై బిళ్ల కడుపులో నిలవకపోతే ఇంజక్షన్ చేసుకుని వెంటనే ఆసుపత్రికి రావాలి.

"ఇది రోగాన్ని తరిమే మందు కాదమ్మా" అందామె. "నీ ఒళ్లు చేసుకోవాల్సిన దాన్ని నువ్వు బయట నుంచి తెచ్చి పోస్తున్నావు. ఒంటికి ఎంత కావాలో అంత పోయాలి. కష్టం ఎక్కువైతే ఎక్కువ పోయాలి."

చుట్టబెట్టిన తువ్వాలు మీద సూది గుచ్చడం నర్సు నేర్పింది. భర్త శ్రద్ధగా నేర్చుకున్నాడు. మరిది గుచ్చుతూ గుచ్చుతూ తువ్వాలుకి నొప్పి పుడుతుందేమోనని "అయ్యో" అన్నాడు. అత్త మాత్రం సిరంజి ముట్టుకోలేదు. చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించి వెయ్యి బట్టలకి గుర్తులు వేయగల మనిషి చేతులు వెనక్కి పెట్టేసుకుంది. బట్టకి కుట్టడం వేరు, మనిషికి కుట్టడం వేరు అంది.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో అత్తకి వినబడింది ఒక్కటే మాట, స్టెరాయిడ్ అని. కోట్లు ఇస్త్రీకి ఇచ్చే ఒకాయన ఆ మాట విని, అవి ఎముకల్ని గుల్ల చేస్తాయనీ ముఖం ఉబ్బిపోతుందనీ చెప్పి వెళ్లాడు. అంతే, బిళ్లల అట్టలన్నీ అత్త తన గుండీల డబ్బాలో వేసుకుని పై అరలో పెట్టింది. ఊడిపోయిన గుండీల మధ్య నుంచి పూటకింత తీసి కోడలి చేతిలో పెట్టేది. మనిషి కాస్త నీరసంగా కనబడిన రోజున బిళ్లని గోటితో సగానికి తుంచేది. "వాడి వాడి నలిగిన బట్టకి వేడి తగ్గించాలి. నీరసంగా ఉన్న ఒంటికి ఇంత ఘాటు మందు ఎట్లా తట్టుకుంటుంది? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు" అనేది.

అత్తని మాత్రమే అని లాభం లేదు. ఉప్పమ్మకి కూడా ఆ మాట సబబుగానే తోచేది. ఆమె కూడా ఆ లాండ్రీలోనే కదా పని నేర్చుకుంది. బిళ్ల సగం చేసిన సాయంత్రాల్లో కాళ్లు లాగి, తల బరువెక్కి, చెప్పలేని దిగులు కమ్ముకుంటే, ఇదే జబ్బు కాబోలు అనుకునేది. జబ్బేదో, చాలని మందు ఏదో, ఆవిరి గది అలసట ఏదో ఆమెకి విడదీయడం తెలిసేది కాదు. రోజంతా తన ఒంటినే చెవి పెట్టి వింటూ ఉండేది. ఆవలింత వస్తే భయం. దాహమేస్తే భయం. ఏదీ అనిపించకపోతే, ఇదేమిటి ఏదీ అనిపించడం లేదని ఇంకో భయం.

ఇవన్నీ ఒక ఎత్తు, బల్ల ఒక ఎత్తు. బల్ల ఎప్పుడిస్తారని ఆమె పోరగా పోరగా అత్త ఒక షరతు పెట్టింది. ఒక నెల నిండా ఒంట్లో నలత అనే మాట వినబడకుండా గడిస్తే బల్ల మళ్లీ కోడలిదే. మధ్యలో ఏ చిన్న తేడా వచ్చినా కౌంటరే శాశ్వతం. భర్త దానికి అడ్డు చెప్పలేదు. వ్యాను తోలుతూ ఊరంతా తిరిగే మనిషి, ఇంట్లో మాత్రం గేరు మార్చడు.

నెల ఇంకో నాలుగు రోజుల్లో నిండుతుందనగా ఉప్పమ్మకి గొంతు గరగరలాడింది.

మొదటి రోజు వేడినీళ్లు తాగి ఊరుకుంది. ఎవరికీ చెప్పలేదు. రెండోరోజు పొద్దున లేచేసరికి మింగుడు పడటం లేదు, వీపులో చలి పాకుతోంది. ముఖం కడుక్కుని, నవ్వు తగిలించుకుని కౌంటరు దగ్గర కూర్చుంది. ఆ రోజే లాడ్జి మూటలు రెండింతలు వచ్చాయి. భర్త హాస్టలు బట్టలు ఇచ్చి రావడానికి ఊరి అవతలికి వెళ్లాడు. మరిది చెమటలు కక్కుతూ పెట్టె తోస్తున్నాడు. అత్త మూటలు విప్పుతూ, గుర్తులు వేస్తూ, మధ్యలో కోడలి ముఖం చూసింది.

"ఏమే, కళ్లు అట్లా ఉన్నాయి?"

"సబ్బు నురగ పడింది అత్తయ్యా" అంది ఉప్పమ్మ.

అత్త వచ్చి నుదుటి మీద చెయ్యి ఆనించి చూసింది. మెడ మీద కూడా చూసింది. చల్లగానే ఉంది అని తేల్చేసింది. ఆ చెయ్యి తన నుదుటికి చెక్కముక్కలా గరుకుగా తగలడం ఉప్పమ్మకి తెలిసింది. చల్లగా ఉంది అన్న మాట విని ఆమెకి ఎంత హాయి కలిగిందో చెప్పలేం. ఒళ్లు వణుకుతున్నా సరే, చెయ్యి చల్లగా ఉందన్నాక జ్వరం లేనట్టే అనుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. అయినా నీరసంగానే ఉన్నావంటూ అత్త మధ్యాహ్నం బిళ్లని సగానికి తుంచి ఇచ్చింది. ఉప్పమ్మ మారు మాట్లాడకుండా మింగింది. మారు మాట్లాడితే షరతు గుర్తొస్తుంది.

ఇక ఆమె ఒకచోట నిలవలేకపోయింది. స్టూలు మీద నుంచి లేచేది, కళ్లు తిరిగితే కూర్చునేది. గోడ గడియారం చూసేది, చూసిన వెంటనే ఎంతయిందో మర్చిపోయేది. పర్సులో జబ్బు పేరు, వెంటనే ఇవ్వాల్సిన మందు రాసి ఆసుపత్రివాళ్లిచ్చిన కార్డు ఉందో లేదో తడిమి చూసుకునేది, ఉందని తెలిశాక మళ్లీ తడిమేది. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడకి ఎర్రదారం మూట బదులు పచ్చదారం మూట ఇచ్చింది. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి నవ్వుతూ తిరిగొచ్చింది. ఆ పొరపాటు ఉప్పమ్మ పెళ్లైన నాటి నుంచి ఎన్నడూ చేసి ఎరగదు. చెప్పాలా వద్దా? చెబితే బల్ల పోతుంది. చెప్పకపోతే? ఆ తర్వాతి మాట మనసు అనదు, అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది.

లోపల అత్త గొంతు లేచింది. బట్టలు పిండే మెషీను సరిగ్గా తిరగక దుప్పట్లు సగం తడితోనే బయటికొచ్చాయి. మరిది ఎంత తోసినా మడత నిలవడం లేదు.

"వేడి పెంచరా" అంటోంది అత్త. "అది పొడి బట్ట కాదు. తడి బట్ట పెట్టెలో వేడంతా తాగేస్తుంది. నువ్వు తక్కువ వేడి పెట్టి తోస్తే పెట్టె చల్లారిపోతుంది గానీ దుప్పటి అట్లాగే ఉంటుంది."

"బలహీనంగా ఉన్నదానికి తక్కువ వేడన్నావుగా మొన్న?"

"నలిగింది వేరు, తడిసింది వేరు. ఇన్నేళ్లొచ్చాయి, ఆ మాత్రం తెలియదా?"

కౌంటరు అంచు పట్టుకుని ఉన్న ఉప్పమ్మ చేతులు అక్కడే బిగుసుకుపోయాయి. ఆ మాటే డాక్టరమ్మ ఇంకో విధంగా చెప్పింది. కష్టం ఎక్కువైతే ఎక్కువ పోయాలి. జ్వరం వచ్చిన ఒళ్లు నలిగిన బట్ట కాదు, తడిసిన బట్ట. ఉన్న కాస్తా తాగేస్తుంది. అలాంటి రోజున తాము సగం తుంచి పోస్తున్నారు.

గోడ పట్టుకుని లోపలికి నడిచింది. పై అర అందక స్టూలు లాక్కుంటే మరిది పెట్టె వదిలేసి వచ్చి డబ్బా దించి ఇచ్చాడు. గుండీల కింద ఆసుపత్రి నుంచి తెచ్చిన థర్మామీటరు ఉంది. వచ్చిన రోజు నుంచీ ఎవరూ వాడలేదు. నాలుక కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. అది కూత పెట్టాక తీసి చూస్తే నూటరెండు దాటింది.

"నాకు జ్వరం అత్తయ్యా. నిన్నటి నుంచి. నేనే దాచాను."

అత్త నమ్మలేదు. ఇప్పుడే కదా చూశాను అంది. ఈ ఆవిరి గదిలో ఏ పుల్ల పెట్టినా వేడెక్కుతుంది అంది.

"అయితే మీరూ పెట్టుకోండి. ఇదే గది, ఇదే పుల్ల."

దాన్ని కడిగి అత్త చేతికి ఇచ్చింది. అత్త కోపంగానే నోట్లో పెట్టుకుంది. అంత సేపు నోరు మూసుకుని ఉండటం అమ్మకి ఇదే మొదటిసారి అని మరిది గొణిగాడు, ఎవరూ నవ్వలేదు. కూత వచ్చింది. తొంభై ఎనిమిది. అత్త ఆ అంకెని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత ఎడమచెయ్యి తన నుదుటి మీద, కుడిచెయ్యి కోడలి నుదుటి మీద పెట్టుకుని నిలబడింది. చేతులు మార్చి మళ్లీ పెట్టింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయే" అంది.

మరిది కూడా చెయ్యి పెట్టి చూశాడు. "నా చేతికీ తెలియట్లేదమ్మా. పెట్టెలు తాకి తాకి మన చేతులు కాలిపోయాయి. వీటికి ఇస్త్రీ వేడి తప్ప మనిషి వేడి అందదు."

అత్త తన అరచేతి వంక చూసుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ చేత్తోనే పిల్లల జ్వరాలు చూసింది. ఎన్ని జ్వరాలకి చల్లగా ఉందని చెప్పి బడికి పంపిందో ఆ నిమిషంలో ఆవిడకి తోచి ఉంటుంది. డబ్బాని కోడలి ముందుకి జరిపింది.

ఉప్పమ్మ రెట్టింపు బిళ్లలు లెక్క చూసుకుని మింగింది. మింగి రెండు నిమిషాలైనా అయి ఉండదు, కడుపులో తిప్పి మొత్తం బయటికి వచ్చేసింది. నోరు కడుక్కుని మళ్లీ వేసుకుంది. ఈసారి అంత సేపు కూడా ఆగలేదు. నేల మీదే కూలబడింది. చెవుల్లో మెషీను తిరుగుతున్నట్టు హోరు. మాట నాలుక మీద బరువుగా కదులుతోంది. ఇదే ఆ గడియ అని ఆమెకి తెలిసింది. విచిత్రమేమిటంటే, పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగిన మనసు ఆ ఒక్క క్షణం ఒకచోట నిలిచింది. ఏం చేయాలో తెలుసు కాబట్టి.

ఇంజక్షన్ పెట్టె తెమ్మని అత్తతో అంది. మరిదిని బండి ఏదైనా ఆపమని, అన్నకి ఫోన్ చేయమని వీధిలోకి పంపింది. చిన్న సీసాలో తెల్లపొడి, ఇంకోదాంట్లో నీళ్లు. నర్సు నేర్పినట్టు నీళ్లు పొడిలోకి ఎక్కించి, కరిగేదాకా తిప్పి, సిరంజిలోకి లాగింది. అంతవరకూ చేతులు మాట విన్నాయి. ఆ తర్వాత వినలేదు. సూది గాల్లో గీతలు గీస్తోంది.

"వణుకుతోంది అత్తయ్యా. మీరు వెయ్యండి. నేను చెబుతాను."

"బట్టకి వేరు, మనిషికి..." అని అత్త మొదలుపెట్టి, అక్కడే ఆపేసింది. చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "ఎక్కడ?"

"తొడ మీద. బయటివైపు, మధ్యలో. గుర్తు వేసేటప్పుడు వాలుగా గుచ్చుతారే, అట్లా కాదు. నిటారుగా. మొత్తం లోపలికి పోనివ్వండి, మధ్యలో ఆపకండి."

"నొప్పి పుడితే?"

"పుట్టనివ్వండి."

అత్త చెయ్యి వణకలేదు. వణికితే ఆవిడ అత్తే కాదు. సూది దిగింది, మందు దిగింది, సూది బయటికి వచ్చింది. అప్పుడు, అన్నీ అయిపోయాక, ఆవిడ గడ్డం వణకడం మొదలుపెట్టింది. కోడలి కాళ్లు తన ఒళ్లో ఎత్తుగా పెట్టుకుని, మరిది బండి తెచ్చేదాకా, ఎవరో తరుముతున్నట్టు ఆ కాళ్లని రుద్దుతూనే కూర్చుంది.

ఆసుపత్రిలో ఉప్పమ్మ పర్సులోంచి కార్డు తీసి చూపించింది. ఎవరూ ప్రశ్నలతో కాలయాపన చేయలేదు, వెంటనే సెలైన్ పెట్టారు. సాయంత్రానికి ముఖంలో నెత్తురు కనబడింది. డాక్టరమ్మ వచ్చి ముందు ఎప్పటి నుంచి జ్వరమని అడిగింది, తర్వాత నిన్ననే ఎందుకు రెట్టింపు చేయలేదని అడిగింది. ఉప్పమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. బల్ల సంగతి, షరతు సంగతి, సగం బిళ్లల సంగతి. భర్త మంచం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. అప్పటికి ఆయన చేతిలో వ్యాను తాళాలు నలిగి నలిగి వేడెక్కి ఉంటాయి.

డాక్టరమ్మ కోప్పడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కోప్పడలేదు, అంతకంటే కష్టమైన మాట చెప్పింది. జ్వరాలు వస్తూనే ఉంటాయి, ఏ నెలా వట్టిగా పోదు, రాకుండా ఉండాలని షరతు పెట్టుకుంటే దాచడం నేర్చుకుంటారు అంది. సందేహం వస్తే వేసుకోవడమే మంచిది, ఒక పూట ఎక్కువైనందువల్ల వచ్చే నష్టం తక్కువ, చాలకపోతే వచ్చే నష్టం ఈ రోజు చూశారుగా అంది. అత్త అడిగిన ఎముకల మాటలో, కోట్లు ఇస్త్రీకి ఇచ్చే ఆయన పూర్తిగా అబద్ధమేం చెప్పలేదట. ఒంటికి చాలేదానికంటే ఎక్కువగా ఏళ్ల తరబడి వాడితే అలా అవుతుంది. ఒంటికి లేనిదాన్ని లేనంత మేరకే పూడ్చడం వేరు. దానికి తగ్గట్టు తాను చూసుకుంటూనే ఉంటానంది. ఆవిరి గదిలో చెమట పోసే రోజుల్లో నీళ్లతోపాటు ఉప్పు ఎంత పెంచాలో కూడా చెప్పింది.

"అయితే పేరు మార్చక్కర్లేదన్నమాట" అన్నాడు మరిది తలుపు దగ్గర నుంచి.

అందరూ బయటికి వెళ్లాక అత్త ఒక్కతే ఉండిపోయింది. చాలాసేపు కిటికీ తెర అంచు ఏ బట్టో తడిమి చూస్తూ నిలబడింది. ఆ తెర సరిగ్గా ఉతకలేదని కూడా అంది. చివరికి మంచం దగ్గరికి వచ్చింది.

"సగం తుంచింది నేనే" అంది.

"మింగింది నేనే అత్తయ్యా. నాకూ అదే నిజమనిపించింది. మీరు తడి దుప్పటి మాట అనకపోతే ఇంకా అట్లాగే అనిపించేది."

ఏ తడి దుప్పటి అని అత్త అడిగింది. ఉప్పమ్మ చెప్పింది. అత్త విని, తల ఆడించి, అది తనకి ఎందుకు తోచలేదని తనని తానే తిట్టుకుంది. ఆ తిట్లు రాయదగ్గవి కావు.

ఇంటికి వచ్చిన రోజు గుండీల డబ్బా ఖాళీ అయింది. గుండీలు ఒక గిన్నెలోకి మారాయి, డబ్బా బిళ్లలతో సహా ఉప్పమ్మ బల్ల కింది అరలోకి మారింది. బల్ల ఎప్పుడిస్తారని ఆమె అడగలేదు. అత్త కూడా ఇస్తున్నానని అనలేదు. ఒకరోజు పొద్దున మరిది పిండే మెషీను దగ్గరికి వెళ్లిపోయాడు, ఇస్త్రీపెట్టె ఆమె కోసం కాగి ఉంది, అంతే.

దాంతో ఉప్పమ్మ మనసు కుదుటపడిందనుకుంటే పొరపాటు. ఇదివరకు ఎవరో ఇచ్చింది మింగడం, ఇప్పుడు తానే తేల్చుకోవడం. నిద్రలేవగానే మొదటి బిళ్ల, మధ్యాహ్నం రెండోది, సాయంత్రం మూడోది, మధ్యలో ఒంటికి చెవి ఒగ్గడం. ఆ వినడం మాత్రం మానలేదు. కాకపోతే ఇప్పుడు విన్నదాంట్లో కొంత అర్థమవుతోంది. ఆవిరి అలసట కూర్చుంటే పోతుంది. ఉప్పు తగ్గిన అలసట లేచి నిలబడితే కళ్ల ముందు నల్లగా వస్తుంది. మందు చాలని అలసట కడుపులో మొదలై దిగులుగా పైకి పాకుతుంది. ఒక్కోసారి మూడూ కలిసిపోతాయి, అప్పుడు ఏమీ తెలియదు. తెలియనప్పుడు ఏం చేయాలో మాత్రం తెలుసు.

వాన పడిన ఒక మధ్యాహ్నం ఆమె పెట్టె తోస్తూ రెండుసార్లు తుమ్మింది. అత్త వెంటనే మూట వదిలేసి వచ్చింది. అలవాటు చొప్పున చెయ్యి నుదుటి దాకా లేచింది. లేచి, మధ్యలోనే ఆగి, దారి మార్చుకుని కింది అరలోకి వెళ్లి థర్మామీటరు తీసుకొచ్చింది.

ఉప్పమ్మ నాలుక కింద పెట్టుకుని, ఆ కాసేపూ కూడా దుప్పటి మడత ఆపలేదు. కూత వచ్చింది. తొంభై తొమ్మిదీ చిల్లర. జ్వరమనీ కాదు, కాదనీ కాదు.

"ఇప్పుడేం చేస్తావ్?" అంది అత్త. ఇన్నేళ్లలో ఆవిడ నోటి వెంట ఆ ప్రశ్న వచ్చినట్టు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఉప్పమ్మ గొంతు మింగి చూసుకుంది. వీపులో చలి ఉందా అని విన్నది. లేదు. ఉప్పు కలిపిన నీళ్లు తాగి, గంట ఆగి మళ్లీ చూస్తానంది. పెరిగితే రెట్టింపు వేసుకుంటానంది. తగ్గితే ఏమీ లేదు.

అత్త సరేనని వెళ్లింది. వెళ్లి మూట విప్పింది. రెండు దుప్పట్లకి గుర్తులు వేసి వచ్చింది. గంట అయిందా అంది. కాలేదని ఉప్పమ్మ అంది. ఇంకో దుప్పటి కుట్టింది, నీళ్ల గ్లాసు ఖాళీ అయిందో లేదో వచ్చి చూసింది, గడియారం ఆగిపోయిందేమో చూడమని మరిదిని పంపింది.

"గడియారం బాగానే ఉందమ్మా" అన్నాడు మరిది. "ఆగలేనిది నువ్వే."

ఉప్పమ్మ వేలు నీళ్లలో ముంచి పెట్టె అడుగుకి తాకించింది. చుర్రుమంది. తర్వాతి దుప్పటి బల్ల మీద పరిచి, అంచుల నుంచి మధ్యకి తోయడం మొదలుపెట్టింది.